చేటలో మిగిలిన రాయి

పొద్దున్న ఆరున్నరకి పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు చెల్లెలి ఫోన్లో, ఆమె పెట్టే వీడియోల కింద వచ్చిన చెడ్డ కామెంట్లు తీసెయ్యడం అక్క పని. వంటింటి గట్టు మీద చేట పెట్టుకుని, దాని పైన ఫోన్ పట్టుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని కూర్చునేది. "మీ ఇల్లు చూస్తేనే కడుపు నిండిపోతుంది మేడమ్" లాంటివి వదిలేసేది. "పనిలేని వాళ్ళకి నిద్ర లేవడం కూడా ఒక వీడియోనే" లాంటివి కనపడితే వేలితో ఒక్క నొక్కు. ఆ మాట తెర మీద మాయమై, ఫోన్ అడుగు నుంచి చిన్న రాయిగా చేటలో టప్పున పడేది.

తీసేసిన మాట ఎక్కడికో అక్కడికి పోవాలిగా. వాళ్ళింట్లో చేటలో పడేది.

పాలు దించాక ఆవిడ బాల్కనీలోకి వెళ్ళి చేట చెరిగేది. చూడ్డానికి అన్నీ రాళ్ళే. చెరిగితే తెలిసేది ఏది ఏమిటో. అబద్ధాలూ, కడుపుమంటతో రాసినవీ పొట్టులా లేచి గాలికి పోయేవి. నిజాలు చేటలో మిగిలేవి. కింది వాటాలో ఉండే టీచరమ్మ బట్టలు ఆరేసుకుంటూ పైకి చూసి కేకేసేది.

"ఏమ్మా, ఇవాళ మీ చెల్లాయిని గట్టిగానే తిట్టినట్టున్నారే! దుప్పటి నిండా మీ పొట్టే."

"రెండు నిమిషాలాగి ఆరేసుకోండి టీచర్ గారూ, ఇంకో విసురుంది."

మిగిలిన నిజాలు గింజంతే అయినా ఇనప గుండ్లలా బరువు. వాటి మీద చీమతలంత అక్షరాలు ఉండేవి. ఎవరన్నారో, ఏ తేదీన అన్నారో కూడా. "ఆ కిటికీలో మొక్కకి మీరు నీళ్ళు పొయ్యరు, నెలకోసారి కొత్తది కొంటారు." అది కందిగింజంత. "బల్ల మీద పుస్తకంలో రిబ్బను ఏడాదిగా అదే పేజీలో ఉంది." అది శనగగింజంత. "ఇంటిపనంతా నేనే చేసుకుంటానంటారు, మరి వెనక గిన్నెలు తోముతున్న చెయ్యి ఎవరిది?" అనేది రేగిగింజంత ఉండింది. ఆ ఒక్కదాన్ని అక్క రెండు రోజులు కొంగున ముడేసుకు తిరిగింది. తర్వాత దాన్నీ మిగతావాటితో పాటు తన మంచం కింద రేకు డబ్బాలో వేసేసింది.

తప్పులు ఏరడం ఆవిడకి కొత్త కాదు. ఇరవై రెండేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో కుట్టిన చొక్కాలు పరీక్ష చేసే బల్ల దగ్గర నిలబడింది. పోగు వేలాడితే కత్తిరించడం, కుట్టు వంకరపోతే పక్కన పెట్టడం. అక్కడ మొదటిరోజే నేర్పిన సూత్రం ఒకటుంది. తప్పున్న ముక్కని దాచకూడదు, కుట్టినవాళ్ళకే తీసుకెళ్ళి చూపించాలి. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆవిడ చెల్లెలి పంచన చేరింది. సూత్రాన్ని మాత్రం గేటు దగ్గరే వదిలేసి వచ్చినట్టుంది.

చెల్లెలి విషయంలో ఆవిడకి మొదటి నుంచీ దాచడమే అలవాటు. తల్లి పోయేనాటికి అక్కకి పద్నాలుగు, చెల్లెలికి ఆరు. "తల్లి లేని పిల్ల, అందుకే ఇలా తయారైంది" అని ఇరుగుపొరుగు అన్న మాటలు ఆ పిల్ల చెవిన పడకుండా అడ్డం నిలబడి పెంచింది. ఆ చెల్లెలే ఇప్పుడు తన ఇల్లు, అల్మారా, నిద్ర లేచే వేళ, పిల్ల పెంపకం అన్నీ లోకానికి చూపించి నాలుగు లక్షలమందిని పోగేసింది. పాప పుట్టిన పదో రోజున ఎవరో "బిడ్డని ఎత్తుకోవడం కూడా రాదు, తల్లయిందట" అని రాస్తే మూడు రోజులు అన్నం ముట్టలేదు. పాలు ఎండిపోయాయి. అప్పుడే ఫోన్ అక్క చేతిలో పెట్టింది.

"నన్ను ఏమన్నా ఓర్చుకుంటానక్కా. పాప గురించి మాత్రం ఒక్క చెడ్డ మాట నా కంట పడకూడదు. ఒట్టెయ్యి."

అక్క ఒట్టు వేసింది.

పాపని బుజ్జిది అనేవారు. ఏడాదిన్నర వచ్చినా పేచీ ఎరగదు. పక్కన మిక్సీ తిరుగుతున్నా కన్ను తెరవదు. పిలిస్తే పలకదు గానీ, దానికి ఇంట్లో సమాధానం సిద్ధంగా ఉండేది. తండ్రి లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు, ఇంటికొస్తే పేపర్లోంచి తలెత్తడు. "అంతా నాన్న పోలిక. ఆయన్ని పిలిస్తే మాత్రం పలుకుతాడా?" అని చెల్లెలు నవ్వేది. "ఆలస్యంగా మాటలొచ్చిన వాళ్ళే వాగుడుకాయలవుతారమ్మా, అప్పుడు మీరే చెవులు మూసుకుంటారు" అని కింది వాటా టీచరమ్మ అనేది.

అక్కకి ఒకటే కోరిక. పెళ్ళీ పిల్లలూ లేని మనిషి. పెద్దమ్మా అని ఒక్కసారి పిలిపించుకోవాలి. రోజూ స్నానం చేయించి తల తుడుస్తూ "పె... ద్ద... మ్మ" అని నేర్పేది. బుజ్జిది ఆవిడ పెదాలకేసి చూసి, తడి వేలితో వాటిని తాకి, కిలకిల నవ్వేది.

మిక్సీకి కూడా కదలని ఆ నిద్ర మీదే చెల్లెలు ఒక వీడియో చేసింది. బిడ్డని చప్పుళ్ళకి అలవాటు చెయ్యడం ఎలా అని. పాప పడుకుని ఉంటే పక్కన మిక్సీ వేసింది, తలుపు ధడాలున మూసింది. పాప మేలుకుని బొమ్మలు సర్దుకుంటుంటే వెనక స్టీలు మూత జారి గట్టు మీద గింగిరాలు తిరిగింది. పాప అటు చూడనైనా లేదు. ఆ వీడియోకి వచ్చినన్ని మెప్పులు ఇంకేదానికీ రాలేదు. "మాకూ నేర్పండి" అని తల్లులు వరస కట్టారు. తిట్టినవాళ్ళూ ఉన్నారు. పిల్లని బొమ్మలా పెంచుతోందన్నారు, మత్తుమందు పోస్తోందన్నారు. అక్క అన్నీ నొక్కేసింది. చివర్లో, బంతిపువ్వు బొమ్మ పెట్టుకున్న ఎవరిదో ఒకటి ఉంది.

"మూత పడితే పాప తిరగలేదమ్మా. ఒకసారి చెవులు చూపించండి."

పాప గురించిన మాట. ఒట్టు ఒట్టే. అక్క నొక్కింది.

ఈసారి టప్పుమనలేదు. రాయి చేట అల్లిక చీల్చుకుని, గట్టు అంచుకి తగిలి, నేల మీద ధబ్బున పడింది. గచ్చు పలక నెర్రె విచ్చింది. కొబ్బరికాయంత కూడా లేదు గానీ ఆవిడ రెండు చేతులా ఎత్తబోతే నడుం పట్టేసింది. అంత బరువైన నిజం ఆ ఇంట్లో అంతకుముందు పడలేదు.

అంతలో చూస్తే, గుమ్మం దగ్గర ఇటు వీపు పెట్టి నేల మీద ఆడుకుంటున్న బుజ్జిది గిరుక్కున తిరిగి రాయికేసి చూసి నవ్వుతోంది.

"తిరిగింది! తిరిగిందమ్మా నా తల్లి!" అని అక్క గుండె మీద చెయ్యి వేసుకుంది. వినపడకపోతే ఎలా తిరుగుతుంది? రాయే అబద్ధమాడింది అనుకుంది. ఎన్నడూ తప్పు చెప్పని చేటకి ఇవాళ మతిపోయిందనుకుంది. గోనెపట్టా మీదికి రాయిని దొర్లించి, ఈడ్చుకెళ్ళి మంచం కిందకి తోసేసింది. ఆ తర్వాత ఎప్పుడు అనుమానం వచ్చినా డబ్బాలోంచి ఒక రాయి తీసి నేల మీద వేసేది. బుజ్జిది ప్రతిసారీ తిరిగేది. ఆవిడ దాన్ని ఎత్తి ముద్దులాడేది.

అలా ఏడు నెలలు గడిచాయి.

ఒకరోజు అక్కకి జ్వరం తగిలి, అతుకు వేసిన చేట ఒళ్ళో పెట్టుకుని మంచం మీదే కామెంట్లు తీస్తోంది. బుజ్జిది అదే మంచం మీద, మెత్తటి పరుపులో కూరుకుని, అటు తిరిగి కూర్చుంది. చేటలోంచి శనగగింజంత నిజం ఒకటి జారి నేల మీద టంగుమంది. బుజ్జిది తిరగలేదు.

అక్క చెయ్యి ఆగిపోయింది. ఇంకోటి వేసింది. తిరగలేదు. వంగి మంచం కింద రేకు డబ్బా తీసి మొత్తం నేల మీద కుమ్మరించింది. కింద టీచరమ్మ ఉలిక్కిపడి ఏదో అరిచింది. బుజ్జిది పరుపు మీద తాపీగా బొమ్మ జుట్టు దువ్వుకుంటోంది.

ఆవిడ దాన్ని ఎత్తి నేల మీద కూర్చోబెట్టి, అన్నిటికంటే చిన్న రాయి ఏరి, వెనక నుంచి వేసింది. బుజ్జిది గిరుక్కున తిరిగి నవ్వింది.

దానికి తెలిసేది నేల అదురు. అంతే. ఏడు నెలలుగా తనని తాను నమ్మించుకోవడానికి ఆవిడ వేసిన రాళ్ళే ఆవిడని మోసం చేశాయి. అక్క ఆ రాళ్ళ మధ్యనే కూలబడి ఏడ్చింది. బుజ్జిది వచ్చి ఆవిడ పెదాలు తాకి చూసింది.

చెల్లెలు హాల్లో రంగుల వరసలో చీరలు సర్దుతూ వీడియో తీసుకుంటోంది. అక్క పట్టా మీద రాయిని ఈడ్చుకుంటూ వచ్చింది.

"అక్కా, తెరలో పడుతున్నావు, పక్కకి జరుగు."

"అది ఆపు."

"ఏంటది?"

"చదువు."

చెల్లెలు వంగి చదివింది. మళ్ళీ చదివింది. బుజ్జిదాన్ని ఎత్తుకెళ్ళి సోఫా మీద కూర్చోబెట్టి, వెనక నిలబడి చప్పట్లు కొట్టింది. పేరు పెట్టి పిలిచింది. గొంతు చించుకుని అరిచింది. రెండు స్టీలు మూతలు తెచ్చి ఒకదానితో ఒకటి కొట్టింది. పాప సోఫా దారం పీక్కుంటూ కూర్చుంది. చెల్లెలు మూతలు కింద పెట్టి రాయి దగ్గరకొచ్చి, తేదీ మీద వేలు పెట్టింది.

"ఏడు నెలలక్కా."

"నువ్వే ఒట్టు వేయించుకున్నావు గదే..." అంది అక్క. అన్న మరుక్షణం సిగ్గుతో చచ్చిపోయింది.

"నేను వద్దన్నవన్నీ విన్నావా నువ్వు ఎప్పుడైనా? చిన్నప్పుడు మందు చేదు, వద్దు వద్దని కాళ్ళు కొట్టుకుంటే ముక్కు మూసి పోసేదానివే! అప్పుడు విన్నావా? ఈ ఒక్కటీ ఎందుకు విన్నావక్కా?"



ఆస్పత్రిలో పాప తలకి తీగలు అతికించి, కాగితం మీద గీతలు చూసి, డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. పుట్టుకతోనే వినపడదు. ఆపరేషన్ చేసి చెవి లోపల యంత్రం అమరుస్తారు. మాటలొస్తాయి, కష్టపడాలి. "ఇంకాస్త ముందే వచ్చుంటే..." అని, తల్లి ముఖం చూసి ఆపేసి, కాగితం మీద ఏదో రాసుకుంది. బయట బల్ల మీద కూర్చున్న అక్కకి తలుపు సందులోంచి ఆ సగం మాట వినపడింది. మిగతా సగం ఆవిడే పూర్తి చేసుకుంది.

ఆ రోజు నుంచి చెల్లెలు అక్కతో మాట్లాడడం మానేసింది. ఫోన్ తిరిగి తీసుకుంది. వీడియోలు లేవు. అక్క తన పాత ఫోన్ నుంచి బంతిపువ్వు ఆవిణ్ణి వెతికి పట్టుకుని, మీ మాట నేనే తీసేశాను, క్షమించండి అని రాసింది. రెండు రోజులకి జవాబు వచ్చింది.

"మా వాడికి ఐదేళ్ళు దాటాక తెలిసింది. మాకు చెప్పినవాళ్ళు లేరు."

అక్క ఆ మాటని తీసెయ్యలేదు. అయినా ఆ పూట ఆవిడకి లేచి నిలబడడం కష్టమైంది.

ఇంట్లో ఇంకొకటి కూడా మారింది. పాపకి అన్నం పెట్టాలన్నా, స్నానానికి పిలవాలన్నా అక్క ఒక రాయి తీసి నేల మీద వేసేది. కిటికీలో మొక్క గురించిన నిజం వేస్తే అదే గదిలో ఉన్న పాప తిరిగేది. గిన్నెలు తోమే చెయ్యి గురించిన నిజం వేస్తే గుమ్మం అవతల నుంచి వచ్చేది. చెల్లెలు చూసేది గానీ ఆ రాళ్ళని ముట్టుకునేది కాదు.

ఇరవయ్యో రోజున ఆపరేషన్‌కి బయల్దేరాలి. తండ్రి సంచులు పట్టుకుని ఆటో కోసం కిందికి దిగాడు. పాప చివరి గదిలో కిటికీ దగ్గర కాకుల్ని చూస్తోంది. చెల్లెలు హాల్లో చెప్పులు వేసుకుంటూ, అలవాటు కొద్దీ, "బుజ్జీ! రా అమ్మా!" అని గట్టిగా పిలిచింది.

పిలిచి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వెళ్ళి ఎత్తుకు రావచ్చు. ఎంత, పదిహేను అడుగులు. కానీ ఆ తల్లికి పిలవాలని ఉంది. చిన్న రాళ్ళ అదురు అంత దూరం పోదు. చెల్లెలు గోడవార పట్టా మీద ఉన్న ఆ పెద్ద రాయి దగ్గరకెళ్ళి వంగింది. కదల్లేదు. ఊపిరి బిగించి మళ్ళీ పట్టింది. కదల్లేదు. అప్పుడు తలెత్తకుండానే అంది.

"అక్కా. ఒక చెయ్యి వెయ్యి."

అక్క వచ్చి ఎదురుగా కూర్చుని రాయి కింద చేతులు పెట్టింది. ఇద్దరి వేళ్ళూ ఆ చీమతలంత అక్షరాల మీద పడ్డాయి. ఇద్దరూ కలిసి మోకాళ్ళ దాకా ఎత్తారు. కలిసి వదిలారు.

ఇల్లంతా అదిరింది. అల్మారాలో గాజు సీసాలు గలగలమన్నాయి. ఇంకో గచ్చు పలక పగిలింది. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత చివరి గదిలోంచి చిన్న అడుగులు టపటపమంటూ పరుగెత్తుకు రావడం వినిపించింది.

కింది నుంచి టీచరమ్మ కంగారుగా కేకేసింది. "ఏం పడిందమ్మా? ఏమైంది?"

చెల్లెలు బాల్కనీ వైపు తిరిగి, కళ్ళు తుడుచుకుంటూ గొంతెత్తి చెప్పింది.

"ఏం లేదండీ. పాపని పిలుస్తున్నాం."