బొటనవేలి రుచి

నేలమాళిగలో తొమ్మిది మెట్లు మునిగిన వరద వచ్చిన ఏడు జరిగింది ఇది. నీళ్లు తోడేశాక చూస్తే హోటల్ వాళ్ల వైన్ సీసాల్లో ఒక్కటీ పగల్లేదు. లేబుళ్లు మాత్రం నానిన అట్టుముక్కల్లా ఊడి నేలమీద పడున్నాయి.

ఆ మాళిగ తాళాలు ముప్పై ఏళ్లుగా ఒక ముసలాయన మొలకే వేలాడుతున్నాయి. నోటికి కూడా తాళం వేసే ఉంచుతాడని అందరూ ఆయన్ని తాళం తాత అనేవారు. ఏ సీసా అడిగినా చీకట్లోనే తీసి, మూత దగ్గర ముక్కు పెట్టి, తల పంకించి ఇచ్చేవాడు. మూత తియ్యకుండానే వాసన పట్టేస్తాడని వెయిటర్లు చెప్పుకునేవారు. ఆయన కాదనలేదు. మాట్లాడనివాడికి గొప్పతనం ఖర్చు లేకుండా వస్తుంది.

నిజానికి ఆయన మూడో తరగతి చదువుకి లేబుళ్ల మీది ఫ్రెంచి అక్షరాలు కొరుకుడుపడలేదు. బర్గండీ అనే సీమనుంచి రెండు రకాల తీపిలేని తెల్ల వైన్లు వచ్చేవి, చాబ్లీ, మెర్సో అని. సీసాలు చూడ్డానికి కవలపిల్లలే. అడుగున గుంతలో వేలు పెడితే మాత్రం చాబ్లీలో బొటనవేలు ఒక కణుపు దిగేది, మెర్సోలో రెండు. అదీ ఆయన విద్య. వైన్ చుక్క నాలిక్కి తగిలించుకున్న పాపాన పోలేదు.

"ఏది ఏదో తేలకపోతే నూట ఇరవై సీసాలూ వంటింటికే తాతా, కూరల్లో పొయ్యడానికి," అంది మేనేజరమ్మ.

"పంపించండమ్మా, చేపలు మళ్లీ ఈదుకుంటాయి," అన్నాడు వంటవాడు. తాతకి స్వయానా బావమరిది.

అవి తాత ఎండాకాలమంతా తడిగుడ్డలు కప్పి చంటిపిల్లల్లా సాకిన సీసాలు. "నే చెప్తాను," అని నోరు జారాడు.

మేనేజరమ్మ తనే రెండు సీసాలు తెరిచి, బిరడాల మీద పేర్లు చదివి జేబులో వేసుకుని, రెండు గ్లాసుల్లో పోసి ముందు పెట్టింది. "మూసుంటేనే వాసన పట్టేవాడివి, తెరిచింది నీకో లెక్కా!"

గ్లాసు అడుగున గుంత లేదు. కుడితిలో పడ్డ ఎలకలా చూసి, మొదటిది తాగాడు.

"వానకి తడిసిన బండలా ఉందమ్మా."

"అబ్బ! చాబ్లీ గురించి పుస్తకంలో అచ్చం ఇదే రాశారు!"

తాత మునగచెట్టు ఎక్కేశాడు. రెండోది నోట్లో పోసుకుని, కళ్లు మూసి, పండితుడిలా పుక్కిలించాడు. "ఇదీ తడిబండే."

బావమరిది విరగబడి నవ్వాడు. "బావా, అది నీ చొక్కా! నాలుగు రోజులుగా అందులోనే నానుతున్నావు."

తాత చెయ్యెత్తి వాసన చూసుకున్నాడు. నిజమే.

"సరే, వంటింటికి ఎత్తించండి," అంది మేనేజరమ్మ నీరసంగా.

అప్పుడు తాత ఏడాదికి సరిపడా మాటలు ఒక్కసారే మాట్లాడాడు. "నా నాలిక అబద్ధం, ముక్కూ అబద్ధమేనమ్మా. ఈ వేలు నిజం. అయినా రుచి చూడాలంటే మూత తియ్యాలి, తీశాక అమ్మేదేముంది?" అని పది మూసిన సీసాలు తెప్పించి, కళ్లు మూసుకుని, వేలు పెట్టి రెండు వరసలు చేశాడు. మేనేజరమ్మ వరసకొకటి తెరిచి బిరడాలు చూసింది. రెండూ సరిపోయాయి. సీసాలు మాళిగలోనే ఉండిపోయాయి.

"మరి ఇన్నాళ్లూ ఆ వాసన చూడ్డం దేనికి తాతా?"

"ఊరికే తెచ్చిస్తే ఎవరు మెచ్చుకుంటారమ్మా."

"మా అక్క వండిన కూరకీ ఇలాగే తలూపుతాడండీ," అన్నాడు బావమరిది. "పాపం, అది నమ్ముతోంది."

మర్నాడు పొద్దున్నే తాత తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, ఎవరూ రాకముందే వచ్చాడు. నిన్న ముందు తెరిచిన రెండు సీసాల్లో మిగిలింది ఒక్కో గుక్క పోసుకున్నాడు. రెండోది కరిగిన వెన్నలా ఉంది. మొదటిది మాత్రం తడిబండే. చొక్కా ఉతికినా తడిబండే.

ఈ మాట బావమరిది మొహాన కొడదామని వంటింటి గుమ్మం దాకా వెళ్లాడు. చొక్కా మళ్లీ ఉతుక్కోమంటాడని గుర్తొచ్చి, సుద్దముక్క పట్టుకుని మాళిగలోకి దిగి, చాబ్లీకి ఒక గీత, మెర్సోకి రెండు గీతలు గియ్యడం మొదలుపెట్టాడు.