ఆధారం లేని తేదీ

మా ఆయనకు ప్రెస్సులో ఒక పేరుంది, ఎర్రకలం. కన్నవాళ్లు పెట్టిన పేరు అక్కడ హాజరుపట్టీలో తప్ప ఎవరి నోటా వినపడదు. ప్రూఫులు దిద్దడం ఆయన పని. ఇరవై ఆరేళ్లుగా అదే బల్ల, అదే కిటికీ, అదే ఎర్రసిరా. తప్పు కనిపిస్తే వదలడు. కనిపించకపోతే అసలే వదలడు, ఎక్కడో దాక్కుని ఉంటుందని వెతుకుతాడు. ఇంట్లోనూ అదే వరస. నేను రాసిన సరుకుల చీటీని కూడా దిద్ది చేతికిస్తాడు. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం అంటారు కదా, మా ఆయన పీకిన ఈకలతో ఈపాటికి ఒక పరుపు కుట్టొచ్చు. కుట్టేదాన్ని ఎలాగూ నేనే, ఎందుకంటే నాది కుట్టుపని.

నవంబరులో ఆ ప్రెస్సుకు ఒక లావుపాటి పుస్తకం అచ్చుకొచ్చింది. ప్రాచీన కాలపు పండుగల చరిత్ర. మామూలుగా ఆయన పుస్తకాలు చదవడు, అక్షరాలు చదువుతాడు. కథలో హీరో చచ్చిపోయినా ఆయనకు తెలియదు, చచ్చిపోయాడన్న మాటలో వత్తు సరిగా ఉందా లేదా అన్నదొక్కటే తెలుస్తుంది. ఈ పుస్తకాన్ని మాత్రం, మన ఖర్మ కాకపోతే, ఏడో అధ్యాయం నుంచి నిజంగానే చదివాడు.

"క్రిస్మస్ మనది కాదు," అన్నాడు ఆ సాయంత్రం, చెప్పులు విప్పకుండానే.

"మరెవరిది?" అన్నాను. చర్చి పాటల బృందం గౌనులకు అంచులు మడుస్తున్నాను, నోట్లో రెండు గుండుసూదులున్నాయి.

"సూర్యుడిది. రోమన్లు ఆ రోజున సూర్యుడికి పండుగ చేసేవాళ్లు. మనవాళ్లు తర్వాతెప్పుడో దానిమీద క్రీస్తు పేరు అతికించారు. చెట్టు, ఆకుల తోరణాలు, దీపాలు, అన్నీ అంతకుముందువే. ఏ తేదీన పుట్టాడో బైబిల్లో ఒక్క ముక్క లేదు."

మా అత్తగారు కిటికీ పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. "అయితే ఏంట్రా?" అన్నారు తల ఎత్తకుండా.

"అయితే ఏంటంటే తప్పమ్మా అది. అచ్చుతప్పు కాదు, మూలంలోనే తప్పు. తెలిసి తెలిసి ఎలా చేస్తాం?"

"ఆదివారం కూడా సూర్యుడి రోజే కదండీ," అన్నాను గుండుసూదులు తీసి. "ఆదివారాలు కూడా ప్రెస్సుకు వెళ్తారా ఏం?"

"అది వేరు," అన్నాడాయన. ఎలా వేరో చెప్పలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, నాలుగోది చూపిస్తే కోపం. పుట్టినవాడికి లేని పట్టింపు ఈయనకెందుకో నాకు అర్థం కాలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మనసులోనే అనుకుని మళ్లీ సూదులు నోట్లో పెట్టుకున్నాను.

ఇంతవరకైతే నవ్వి ఊరుకునేదాన్ని. కానీ క్రిస్మస్ ఉదయం మా చర్చిలో జనన వృత్తాంతం చదివేది మా అత్తగారు. నలభై ఏళ్ల పైమాటే. మా ఆయన పదేళ్లవాడుగా ఉన్నప్పుడు మొదలైన ఏర్పాటు అది. ఆవిడ చదువుతుంటే ఈయన పక్కన నిలబడి, పుస్తకం మీద వేలు పెట్టి, ఒక్కో వాక్యం వెంట నడిపిస్తాడు. ఆవిడ తడబడితే మాట అందిస్తాడు, పేజీ తిప్పుతాడు. ప్రూఫులు దిద్దే విద్య కొడుక్కి తన పక్కనే అబ్బిందని ఆవిడ అందరికీ చెప్పుకుంటారు.

ఈ ఏడు ఆవిడ రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆపరేషన్ జనవరిలో అన్నారు. ఎదురుగా ఉన్నది మనిషో తలుపో కూడా గొంతు వింటేగానీ తేలడం లేదు. పక్కన నిలబడి కొడుకు మాటలు అందించకపోతే ఆవిడ చదవలేరు, ఈయనేమో ఆ పండుగకే రానంటున్నాడు. ఈసారి చదవకపోతే వచ్చే ఏటికి ఎవరు ఎలా ఉంటారో ఎవరికి తెలుసు, డెబ్బై అయిదు దాటిన మనిషి.

"నేను నిలబడతాను అత్తయ్యా," అన్నాను.

"వద్దమ్మాయ్. నీ వేలు కుట్టుమిషనులా పరిగెడుతుంది."

"పోనీ ఆయన్ని రమ్మని మీరే అడగండి."

"అడిగితే వస్తాడు. అడిగితే వచ్చేవాడు నాకెందుకు?" అన్నారు. ఆవిడ అడగరు, ఈయన రానంటాడు. మధ్యలో నాకు ఒళ్లు మండిపోతోంది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా కరపత్రం వచ్చిపడింది. క్రిస్మస్ ఆరాధనకు పాస్టరుగారు ఏటా కరపత్రం వేయిస్తారు, అదీ మా ఆయన ప్రెస్సులోనే. 'క్రీస్తు జన్మదిన ఆరాధన, డిసెంబరు 25, ఉదయం తొమ్మిది గంటలకు' అని ఉంటుంది. ఈయన ప్రూఫు దిద్దుతూ తేదీని ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన మార్జిన్‌లో 'ఆధారం లేదు' అని రాశాడు. పాస్టరుగారు చూసుకుంటారని రాశానని తర్వాత చెప్పాడు. కానీ ఆ ప్రూఫు పాస్టరుగారి దాకా వెళ్తేగా.

అక్కడ కంప్యూటరు ముందు కూర్చునే పెద్దమనిషి ఒకాయన ఉన్నాడు. ఎర్రసిరాతో ఏం రాసి ఉంటే అది టైపు చేయడమే ఆయన సిద్ధాంతం. ఒకసారి ఇదేంటని అడిగిన పాపానికి అర్ధవిరామం మీద గంటసేపు పాఠం విన్నాడట, అప్పటినుంచీ అడగడం మానేశాడు. కొట్టేసింది తీసేశాడు, పక్కన ఉన్నది దాని స్థానంలో పెట్టాడు. రెండో ప్రూఫు చూడాల్సిన మా ఆయన ఆ రోజు అమ్మను కంటి పరీక్షకు తీసుకెళ్లాడు.

ఆదివారం చర్చి గుమ్మంలో నాలుగు వందల కరపత్రాలు పంచారు. నా చేతికొచ్చింది చదివాను. 'క్రీస్తు జన్మదిన ఆరాధన, ఆధారం లేదు, ఉదయం తొమ్మిది గంటలకు.'

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నవ్వు అలా వరసలు దాటుకుంటూ ముందుకొచ్చింది. సంఘ కార్యదర్శి ఒక్కడే నవ్వలేదు. మా ఆయన చెవులు ఆయన సిరా కంటే ఎర్రగా అయ్యాయి. ఆరాధన అయ్యేదాకా కరపత్రాన్ని మడిచి, ఇంకా మడిచి, వేలిగోరంత చేశాడు.

మర్నాడు పాస్టరుగారు మా ఇంటికొచ్చారు. తిడతారనుకున్నాను. ఆయన కుర్చీలో కూర్చుని, టీ తాగి, ఆ పుస్తకం పేరడిగారు.

"నేనూ చదివానండీ ఇవన్నీ, చదువుకునే రోజుల్లో," అన్నారు. "సూర్యుడి పండుగే ముందని కొందరు చరిత్రకారులు. కాదు, తల్లి గర్భం ధరించిన రోజుగా ఎంచిన మార్చి ఇరవై అయిదు నుంచి తొమ్మిది నెలలు లెక్కేస్తే వచ్చిన తేదీ ఇదని ఇంకొందరు. వాళ్లలో వాళ్లకే ఇంకా తేలలేదు."

"అంటే రెండింటికీ ఆధారం చాలదన్నమాట," అన్నాడు మా ఆయన.

"అందుకేగా మీరు అచ్చు వేశారు."

నేను నవ్వు ఆపుకోలేక లోపలికి వెళ్లాను. నేను తిరిగొచ్చేసరికి ఈయన బిగుసుకుపోయి ఉన్నాడు. "మరి మీకు ఏమీ అనిపించలేదా?" అని అడుగుతున్నాడు.

"మూడు నెలలు నిద్రపట్టలేదు. తెలుసుకోవడం మంచిదేనండీ, భయపడి దాచాల్సిందేం కాదు. కానీ మన సంఘంలో ఆ రోజు ఎవరూ సూర్యుడికి మొక్కడం నేను చూడలేదు. అమ్మగారు చదువుతారుగా?"

ఆ చివరి మాటకు మా అత్తగారు కొడుకు ఉన్నవైపు ముఖం తిప్పారు. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు. "నన్ను క్షమించండి పాస్టరుగారూ," అన్నాడు. "తప్పు పట్టేవాణ్ణి, నాలుగు వందల తప్పులు అచ్చేయించాను. ఏ ముఖం పెట్టుకుని అక్కడ నిలబడను? పైగా నమ్మకం లేని తేదీకి. ఈ ఏడు నేను రాను."

పాస్టరుగారు మా అత్తగారికి నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. ఆ రోజంతా నేను మా ఆయనతో మాట్లాడలేదు. మాట్లాడితే ఊరుకునేదాన్ని కాదు.

క్రిస్మస్ ఇంకో మూడు రోజులుందనగా, కంటి ఆసుపత్రివాళ్లిచ్చిన ఫారం నింపడానికి బల్ల దగ్గర కూర్చున్నాడు. పేరు రాశాడు, చిరునామా రాశాడు. అమ్మ పుట్టినరోజు ఆయనకు తెలియక కాదు. ఏటా ఆ రోజు సగంపూట సెలవు పెట్టి పూలు పట్టుకొస్తాడు. అయినా అలవాటు ప్రకారం సరిచూసుకోవాలిగా.

"అమ్మా, పుట్టినతేదీ ఆగస్టు పద్నాలుగేగా?"

"ఆధారం లేదురా," అన్నారు మా అత్తగారు. "రాసేయ్, ఆసుపత్రిలో కూడా అచ్చు వేస్తారు."

నేను పగలబడి నవ్వాను. ఆయన నవ్వలేదు. "ఎగతాళి చాలు గానీ, చెప్పమ్మా."

"ఎగతాళి కాదు. నన్ను పసిగుడ్డుగా అనాథల హాస్టలు గుమ్మంలో ఎవరో వదిలేసి వెళ్లారని నీకు తెలుసుగా. గుడ్డలో చుట్టినవాళ్లు చీటీ పెట్టడం మర్చిపోయారు. నాకు పుట్టినరోజేంటి?"

"మరి ఆగస్టు పద్నాలుగు?"

"అది మా ఇంటి ఓనరుది."

మా ఆయన కలం మూత పెట్టడం మర్చిపోయాడు. పెళ్లయి ఇరవై ఏళ్లయినా నాకూ ఈ సంగతి తెలియదు. మిషను ఆపేశాను.

"పెళ్లయిన కొత్తలో ఒక గది అద్దెకుండేవాళ్లం," అన్నారావిడ. "కింద ఓనరు. ఆయన పుట్టినరోజంటే మేడంతా దీపాలు కట్టించేవాడు, అద్దెకున్నవాళ్లందరికీ మిఠాయి పంచేవాడు. ఆ దీపాలు చూసి, నాకు పుట్టినరోజే లేదని ఏడ్చాను. చిన్నపిల్లనేగా, పంతొమ్మిదేళ్లు. మీ నాన్న బయటికెళ్లి కాసేపటికి తిరిగొచ్చి, ఇవాళ నీ పుట్టినరోజు కూడా, అన్నాడు. దీపాలు చూడు, నీకే, అన్నాడు."

"నువ్వు నమ్మావా?"

"నమ్మడానికేముంది? ఆ దీపాలు కట్టేటప్పుడు నిచ్చెన పట్టుకుంది మీ నాన్నే. నేను పైనుంచి చూస్తూనే ఉన్నాను."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేంటమ్మా. అన్ని కార్డుల్లోనూ అదే తేదీ వేయించాం."

"నువ్వడగలేదు. పూలు తెస్తున్నావు, తీసుకుంటున్నాను. ఆ ఓనరు పోయి ముప్పై ఏళ్లయింది. ఇల్లు పడగొట్టేశారు. ఆయన పిల్లలకైనా ఆ రోజు గుర్తుందో లేదో. ఇప్పుడు ఆ రోజు ఎవరిదిరా? నాదేగా?"

మా ఆయన ఫారంలో ఆగస్టు పద్నాలుగు అని రాసి, సిరా ఆరేదాకా దానివైపే చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడైనా వస్తానంటాడని నేను ఎదురుచూశాను. ఊహూ. మర్నాడూ అనలేదు, ఆ మర్నాడూ అనలేదు. పంతానికి కూడా ప్రూఫు చూసుకునే మనిషి.

క్రిస్మస్ ఉదయం మేమిద్దరం బయల్దేరేసరికి ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. వస్తున్నారా అని అడగబోతే అత్తగారు నా చెయ్యి గట్టిగా నొక్కారు. రెండు వీధులు నడిచి చర్చికి చేరాం. తేదీ లేని కరపత్రం చూసుకుని ఎవరూ దారి తప్పలేదు. మామూలుకంటే కిటకిటలాడుతోంది, బయట వరండాలో కూడా బెంచీలు వేశారు.

పాటలయ్యాక పాస్టరుగారు ఆవిడను పిలిచారు. ముందుదాకా నేనే నడిపించాను. పుస్తకం తెరిచి పెట్టాను. పక్కన నిలబడబోతే, వెళ్లి కూర్చోమన్నారు. వచ్చి కూర్చున్నాను. ఆవిడ రెండు చేతులూ పుస్తకం మీద పెట్టి ఊరికే నిలబడ్డారు. ఎవరో దగ్గారు. కార్యదర్శి గడియారం చూసుకున్నాడు.

అప్పుడు పక్క తలుపులోంచి మా ఆయన వచ్చాడు. ఎవరివైపూ చూడకుండా, తల వంచుకుని, గబగబా నడిచి ఆవిడ పక్కన నిలబడ్డాడు. పుస్తకంలో మొదటి వరస మీద వేలు పెట్టాడు. ఆ వేలి మీద ఎర్రసిరా మరక నాకు అక్కడిదాకా కనిపించింది.

ఆవిడ మొదలుపెట్టారు. జనాభా లెక్కలకు ఊరికి ప్రయాణం, సత్రంలో చోటు లేకపోవడం, పశువుల తొట్టె, అన్నీ నిదానంగా, స్పష్టంగా. వేలు వరస వెంట కదులుతోంది. గుడ్డల్లో చుట్టి పడుకోబెట్టిన మాట దగ్గర ఆ వేలు ఆగిపోయింది. మా ఆయన ముఖం చూశాను. కళ్లనిండా నీళ్లు. ఆయనకు అక్షరాలు కనిపించడం లేదు.

ఆవిడ మాత్రం ఆగలేదు. గొర్రెల కాపరుల దగ్గరికి వెళ్లారు, దూతల దగ్గరికి వెళ్లారు, కాపరులు వెతుక్కుంటూ వచ్చి శిశువును చూడటం, తల్లి అవన్నీ మనసులో దాచుకోవడం, చివరి మాట దాకా చదివి పుస్తకం మూశారు. ఒక్క మాట తడబడలేదు. ఆ పేజీ ఎవరూ తిప్పలేదు.

ఆరాధన అయ్యాక ముగ్గురం ఇంటికి నడుస్తున్నాం. మొదటి వీధి మలుపు తిరిగాం.

"అమ్మా, నేను పేజీ తిప్పలేదు," అన్నాడు.

"తెలుసు."

"మరెలా చదివావు?"

"చదవలేదురా, చెప్పాను. నీకు పన్నెండేళ్లప్పుడే నాకదంతా కంఠతా వచ్చేసింది."

ఆయన నడవడం ఆపేశాడు. "మరి ఇన్నేళ్లూ నన్నెందుకు పక్కన నిలబెట్టావు?"

మా అత్తగారు ఆ మసక కళ్లతో ఆయన గొంతు వచ్చినవైపు చూశారు.

"నిలబడతావని," అన్నారు.

మా ఆయన వీధి మధ్యలో, అందరూ చూస్తుండగా, అమ్మ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. నాకూ ఏడుపొచ్చింది, ఆయన మీద నెల్లాళ్లుగా దాచిపెట్టిన తిట్లన్నీ మర్చిపోయాను.