భోజనాల వేళ పత్రసమర్పణ

"నీ పేపర్ లంచ్ టైంల పెట్టిన. ఎట్లాగూ నువ్వు ఆడనే ఉంటవు గద!" అన్నాడు శైలేందర్, భార్య వినోద ఇస్త్రీ చేసిచ్చిన కోటు తొడుక్కుంటూ. పెద్ద మేలు చేసినట్టే అన్నాడు.

"నలుగురికి కడుపునిండ పెడితే గంతకన్న ఏం పేరు కావాలె బిడ్డా?" అంది అత్త శాంతవ్వ.

ఆ రోజు కామారెడ్డిలో, శైలేందర్ పనిచేసే కాలేజీలో జాతీయ సదస్సు. విశ్వవిద్యాలయ చదువులను వలస పాలకుల నీడ నుంచి విడిపించాలట. కన్వీనర్ శైలేందరే. అందుకే మండుటెండలో ఆ కోటు, టై. వినోద ఎల్లారెడ్డి డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెబుతుంది కాబట్టి ఆమెకో పత్రం, ఆడమనిషి కాబట్టి భోజనాల కమిటీ. మిగతా మేడమ్‌లంతా ఒకే రంగు పట్టుచీరల్లో గేటు దగ్గర పన్నీరు చల్లే కమిటీ.

ఎల్లారెడ్డి ఆటోల్లో గలగలా వాదించుకునే ఆడపిల్లలు క్లాసులోకి రాగానే ఎందుకు నోరు మూసుకుంటారన్నదే ఆమె పత్రం. "జవాబు తెల్సు మేడం, గని ఇంగ్లీషుల తెల్వది" అని ఒక అమ్మాయి తల దించుకున్న రోజు వినోద స్టాఫ్‌రూమ్‌లో ఏడ్చింది. ఇంట్లో తన బతుకూ అంతే. పీహెచ్‌డీ చేసి కూడా, భర్త "నీకు తెల్వదు" అనగానే తెలియనట్టే ఊరుకుంటుంది. ఈ ఒక్కటైనా నలుగురూ వినాలని ఆమెకు ప్రాణం కొట్టుకుంటోంది.

మధ్యాహ్నం దాకా పెద్దలంతా ఇంగ్లీషు పెత్తనాన్ని ఇంగ్లీషులోనే చెడామడా తిట్టారు. తీరా వినోద వేదిక ఎక్కేసరికి హాల్లో తిరిగే ఫ్యాన్లు తప్ప ఎవరూ లేరు.

శైలేందర్ తలుపులోంచి తొంగిచూశాడు. "చదివినట్టు రాస్కుంటంలే, జల్ది రా. మటన్ నువ్వే వడ్డియ్యాలె, లేకుంటే అందరికి సరిపోదు."

వినోదకు ముందు ఏడుపొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది. కాగితాలు పట్టుకుని భోజనాల హాలుకు నడిచింది. ప్రొఫెసర్లంతా ప్లేట్లతో బుద్ధిగా వరసలో ఉన్నారు. ఆమె మటన్ గిన్నె మీద మూత పెట్టేసింది.

"నా టైం ఇదేనట. నేను తెలుగుల చెప్త," అని మొదలుపెట్టింది.

ఎవరూ వరస వదల్లేదు, మటన్ వాసన అలాంటిది. రెండో పేజీకి వచ్చేసరికి కొందరు నిజంగానే వింటున్నారు. తన గొంతు అంత దూరం వినిపిస్తుందని వినోదకు ఇన్నాళ్లూ తెలియదు.

శైలేందర్ పక్కకొచ్చి గొణిగాడు. "ఏంది వినోదా గిది? ఇంకెంతసేపు?"

"పేపర్ అయినంక ప్రశ్నలుంటయి," అంది వినోద, మూత మీది చెయ్యి తీయకుండా, హాలంతా వినేలా. "అడిగినోళ్లకే ముందు మటన్."