దొమిత్సెలే ఇంటి గడ్డి తోట

క్రిస్మస్ ముందు ఉపవాసాలు మొదలయ్యాయంటే చాలు, ఆ ఊళ్ళో ఆడవాళ్ళంతా గడ్డి ముందేసుకుని కూర్చుంటారు. గోధుమ లాంటి రై చేను కోసినప్పుడే నిటారుగా, మచ్చ లేకుండా ఉన్న గడ్డిని ఏరి అటక మీద దాచుకుంటారు. దాన్ని గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, కణుపులు తీసేసి, బోలు ముక్కల్ని ఒకే పొడవుకు కత్తిరించి, నార దారంతో గుచ్చుతారు. చుట్టూ నాలుగు ముక్కలు, పైకి నాలుగు, కిందికి నాలుగు కలిపి ముడేస్తే ఓ పెద్ద గూడు తయారవుతుంది. దాని మూలలకు చిన్న గూళ్ళు, వాటికి మరీ చిన్నవి వేలాడదీస్తారు. ఖాళీ గుడ్డు పెంకుకు కాగితం రెక్కలు అతికిస్తే పిట్ట. అన్నీ కలిపి తోట అంటారు. పండగైనా పెళ్ళైనా భోజనాల బల్లకు సరిగ్గా పైన, దూలానికి వేలాడాల్సిందే. కొనాల్సిన వస్తువు ఒక్కటీ ఉండదు కాబట్టి మా ఇంట్లో లేదని చెప్పుకునే వీలు ఎవరికీ లేదు.

ఇంట్లో చెడ్డ మాట పడితే తోట కాస్త కిందికి దిగుతుంది. అందుకని ఆ ఊరివాళ్ళు పోట్లాటలన్నీ పశువుల పాకలో పెట్టుకుంటారు. గడ్డకట్టే చలిలో మొగుడూ పెళ్ళాం కలిసి పాకలోకి వెళ్ళి తలుపేసుకుంటే ఎవరూ ముసిముసిగా నవ్వరు, పాపం అనుకుంటారు. క్రిస్మస్ తర్వాత పాదిరి గారు ఇంటింటికీ దీవించడానికి వచ్చినప్పుడు ముందు తలెత్తి తోట వైపు చూస్తారు. అది ఎంత కిందికి ఉంటే ప్రార్థన అంత పొడుగు చదువుతారు.

దొమిత్సెలే ఇంట్లో ఆయన చదివిన ప్రార్థనకు పొయ్యి చల్లారిపోయింది. ఆ ఇంట్లో తోట బల్లను తాకింది మరి. అత్త దొమిత్సెలే ఒక వైపు, కోడలు ఉర్షులే ఇంకో వైపు, మధ్యలో గడ్డి. రొట్టె అందుకోవాలంటే చెయ్యి చుట్టూ తిప్పి తెచ్చుకోవాలి. అత్తకు కళ్ళలో పొరలు కమ్మి వెలుగూ నీడా తప్ప తెలియవు కాబట్టి ఆవిడకు అడ్డమేమీ లేదు. కోడలికి మాత్రం ఆవిడ మొహం కనిపించకపోవడం ఈ ఇంట్లో తనకు దక్కిన ఒకే ఒక్క సుఖం.

గొడవ ఒక్కటే. దొమిత్సెలే కొడుకు, ఉర్షులే మొగుడు సిల్వెస్త్రాస్ ఓ క్రిస్మస్ ముందు రోజు చేపల కోసం సరస్సు మీదికి వెళ్ళి, మంచు విరిగి మునిగిపోయాడు. చేపలు కావాలని అడిగింది నువ్వంటే నువ్వని ఆ రోజు మొదలైన మాట ఇప్పటికీ ఆగలేదు. అసలు ఎవరూ అడగలేదని, వాడికే చేపల పిచ్చి అని ఊరంతా అంటుంది. ఆ మాట ఈ ఇంట్లో చెప్పే ధైర్యం ఎవరికుంది?

ఈ చలికాలం ఉర్షులేకు ఓ దారి దొరికింది. సరస్సుకు అవతల గుర్రపు జీనులు కుట్టే లియుదాస్ అనే ఆయనకు భార్య పోయింది. సంతలో ఉర్షులేను చూశాడు, నచ్చింది. పెళ్ళిళ్ళ పేరయ్య బల్త్రూస్ చర్చి మెట్ల మీద ఆమెను పక్కకు పిలిచాడు.

"ముగ్గురు రాజుల పండగ వెళ్ళాక వచ్చే ఆదివారం ఆయన్ని తీసుకొస్తాను. మీ ఇంట్లో తోట ఎలా ఉంది?"

"దూలానికి ఆనుకుని ఉంది బాబాయ్," అని ఉర్షులే కన్నార్పకుండా అబద్ధమాడింది.

"నేను వచ్చేసరికి అక్కడే ఉండాలమ్మాయ్. నాకూ పరువుంది. రేపు పెళ్ళి చివరి రోజున అబద్ధాలాడానని నన్ను ఉరితీస్తారు."

ఉరితీసేది గడ్డి బొమ్మనే. అయినా బొమ్మకు తన కోటు తొడిగి, తన టోపీ పెట్టి ఊరంతా నవ్వుతుంటే చూడటం ఆయనకు రెండుసార్లు అనుభవం. మూడోసారి వద్దనుకున్నాడు.

ఉర్షులే ఇంటికి వస్తూనే పాత తోటను తెంపి పొయ్యిలో వేసింది. గడ్డి నానబెట్టింది. వేళ్ళు పగిలేలా గుచ్చి కొత్త తోట కట్టి, స్టూలెక్కి దూలానికి బిగించింది.

"అత్తయ్యగారూ, ఇల్లు ఎంత కళగా ఉందో చూడండి," అంది.

కళ్ళు లేని మనిషిని చూడమన్నది పొరపాటున కాదు. ముసలావిడకూ ఆ సంగతి తెలుసు.

"నా కొడుకును నీళ్ళపాలు చేసి గడ్డితో ఆటలాడుతున్నావా? నీ చేతులు పడిపోను," అంది.

తోట జానెడు దిగింది.

"మీ నోటి వెంట ముత్యాలు రాలతాయి అత్తయ్యగారూ. ఏరుకోలేక చస్తున్నాను."

ఇంకో బెత్తెడు దిగింది. ఉర్షులే దాన్ని కూడా అత్త పద్దులోనే వేసింది.

అప్పటినుంచీ యుద్ధమే. ముసలావిడకు సంగతి తెలిసిపోయింది. పెళ్ళిళ్ళ పేరయ్య వస్తున్నాడని పక్కింటివాళ్ళు చెప్పకుండా ఉంటారా? పొద్దున లేస్తూనే పొయ్యి పక్క అరుగు మీద కూర్చుని, పాలు పిండినా తప్పు, పిండకపోయినా తప్పని తిట్టడం మొదలుపెట్టేది. సాయంత్రానికి తోట గిన్నెల దాకా వచ్చేది. ఉర్షులే దాన్ని తెంపి పొయ్యిలో వేసి ఇంకోటి కట్టేది. అటక మీద గడ్డి తరిగిపోతోంది. గుడ్డు పెంకుల కోసం రోజూ గుడ్లే తింటున్నారు.

ఉర్షులే మాత్రం ఇంట్లో ఒక్క తిట్టు తిట్టలేదు. అత్తయ్యగారూ అని, మీరూ అని, దండాలని తేనె పూసి మాట్లాడింది. కడుపులో ఉన్నదంతా పాకలో ఆవుకు చెప్పుకుంది.

"ముసలిది చావదే. నన్ను చంపి గాని చావదు. దాని నోట్లో మన్ను పడ. ఈ కొంపలోంచి బయటపడితే చాలు నాకు, జీనులతనికి ఒంటికన్నున్నా చేసుకుంటాను."

ఆవు పాలు తగ్గించేసింది.

మధ్యలో ముసలావిడకు జ్వరమొచ్చి రోజంతా నోరు మూసుకుని పడుకుంది. ఆ రోజూ తోట దిగింది. నిద్రలో తిట్టుకుని ఉంటుందిలే అనుకుంది ఉర్షులే.

"నేను వెళ్ళిపోతే మీకేం నష్టం?" అని ఓ రోజు ఉండబట్టలేక అడిగింది.

"ఆవును ఎవరు చూస్తారు?"

"మీ చెల్లెలి కొడుకు చూస్తాడు. వస్తానని ఎన్నోసార్లు కబురు పెట్టాడు."

"వాడికి నన్ను తిట్టడం చేతకాదు," అని ముసలావిడ అటు తిరిగి పడుకుంది.

చెప్పిన ఆదివారం రానే వచ్చింది. అటక మీద మిగిలిన ఆఖరి గడ్డితో కట్టిన తోటను పొద్దున్నే బిగించింది ఉర్షులే. తెల్లటి నార గుడ్డ పరిచి, నల్ల రొట్టె, పొగబెట్టిన పంది మాంసం, వెన్న పెట్టింది. అత్త అరుగు మీద కూర్చుని ఉలకలేదు, పలకలేదు. నోటి బలమంతా దాచుకుంటోందని ఉర్షులేకు అర్థమైంది.

బండి గంటలు వినిపించాయి. బల్త్రూస్ గడప దాటకుండానే తలెత్తి చూశాడు. తోట దూలానికి ఆనుకుని మెల్లగా తిరుగుతోంది. సంతోషించి లోపలికొచ్చాడు. కోటు లోపల్నుంచి సారా సీసా తీసి, మూత తియ్యకుండా బల్ల మీద పెట్టాడు. మూత తీశాడంటే సంబంధం ఖాయమైనట్టు. ఆయన వెనకే లియుదాస్ వచ్చాడు, పొడుగ్గా ఉన్నాడు, చేతులకు తోలు వాసన. రెండు కళ్ళూ ఉన్నాయి.

"మీ అత్తతో ఎలా ఉంటావమ్మాయ్? ఊళ్ళో ఏవేవో అంటారు," అన్నాడు బల్త్రూస్, అడగాలి కాబట్టి.

"అయ్యో, ఆవిడ నాకు కన్నతల్లి కంటే ఎక్కువ బాబాయ్," అంది ఉర్షులే.

తోట జానెడు దిగింది.

ఉర్షులే అత్త వైపు చూసింది. ముసలావిడ పెదవులు బిగించుకునే ఉంది.

"ఆవిడ నిండు నూరేళ్ళూ చల్లగా ఉండాలి. ఆవిడ చేత ఓ మాట అనిపించుకోవడం నా అదృష్టం."

ఈసారి మూరెడు దిగింది. గుడ్డు పెంకు పిట్ట ఒకటి వచ్చి వెన్న గిన్నె అంచును తాకింది. ఉర్షులేకు జ్వరమొచ్చిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు అత్త పక్క సర్దుతూ తను లోపల ఏమనుకుందో కూడా గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ ఈ గడ్డిని దించింది తనేనా? మొహంలోకి సిగ్గు వేడిగా తన్నుకొచ్చింది.

బల్త్రూస్ ఇలాంటివి చూసిన మనిషే. నిట్టూర్చి సీసా వైపు చెయ్యి చాపాడు, తిరిగి కోట్లో పెట్టుకోవడానికి.

సరిగ్గా అప్పుడే ముసలావిడ గొంతు సవరించుకుంది. ఆవిడకు తోట కనిపించదు. అది ఇంకా దూలానికే ఉందనుకుంది. దించాల్సింది తనే అనుకుంది.

"ఏమయ్యా జీనులవాడా, దీన్ని తీసుకుపోదామనా? అయితే విని మరీ చెడు. ఇది మనిషి కాదు, పీడ. రాత్రంతా పక్క మీద దొర్లుతుంది. పోయిన మొగుడి కోటు తల కింద పెట్టుకుని పడుకుంటుంది. వాసన పోతుందని ఉతకదు కూడా, మురికి ముండ."

గుడ్డు పెంకు పిట్ట వెన్న గిన్నెను వదిలి లేచింది.

"వంటా? అయ్యో రాత. నాకు పళ్ళు లేవని రొట్టె అంచులన్నీ కోసుకుని తను తింటుంది, మధ్యలో మెత్తనిది నా మొహాన కొడుతుంది. కుక్కకు వేసినట్టు వేస్తుంది. ఓ మంచీ లేదు, మర్యాదా లేదు."

తోట బెత్తెడు పైకి వెళ్ళింది. బల్త్రూస్ చెయ్యి సీసా మీదే ఆగిపోయింది. లియుదాస్ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఉర్షులే అత్తను మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఈ కోటు సంగతి, రొట్టె అంచుల సంగతి ఆవిడకు తెలుసని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

"ఇంకా విను. పోయిన చలికాలం నాకు రొప్పు పట్టుకుంటే పాదిరిని పిలవమన్నాను. పిలవలేదు మొండిది. నువ్వు చస్తే నేనెవర్ని తిట్టనే అని, వారమంతా వీపు రుద్దుతూ చెవులు తూట్లు పడేలా తిట్టింది. సుఖంగా చావనివ్వలేదు. నా కొడుకు దగ్గరికి పోనివ్వలేదు. దాని చేతులు ఎంత గరుకో తెలుసా? ఇప్పటికీ నా వీపు మీద ఉన్నాయి. అలాంటి గయ్యాళిని ఎవడైనా ఇంటికి తెచ్చుకుంటాడా?"

ఊపిరందక ఆగింది. తోట దూలాన్ని తాకి, అక్కడ మెల్లగా తిరుగుతోంది. గడ్డి తోట కిందికి దిగడమే గాని పైకి వెళ్ళడం ఆ ఊళ్ళో అంతకుముందు ఎవరూ చూడలేదు. బల్త్రూస్ సీసా మూత తీశాడు.

"అదేం చప్పుడు?" అంది ముసలావిడ.

"మూత తీశానక్కా."

"ఎందుకూ? తోట దిగలేదూ?"

ఆవిడ అరుగు దిగి, గోడ పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. గిన్నెల ఎత్తులో చెయ్యి చాపి వెతికింది. గడ్డి తగల్లేదు. కొంచెం పైన వెతికింది. తల దాకా ఎత్తింది, మునివేళ్ళ మీద లేచి ఇంకా ఎత్తింది. ముడతల వేళ్ళు ఖాళీ గాలిని పట్టుకుంటున్నాయి.

ముసలిదాన్ని ఇలా ఓడిపోగా చూడాలని ఉర్షులే ఎన్ని చలికాలాలు కోరుకుందో ఆవుకు తెలుసు. ఇప్పుడు చూస్తోంది, చూడలేకపోతోంది.

"పైన ఉందత్తా," అంది. గారూ లేదు, తేనె లేదు.

"ఎంత పైన?"

"దూలానికే."

"నేనేం తిట్లు తిట్టానే," అంది ముసలావిడ అయోమయంగా. "గట్టిగానే తిట్టానుగా."

"తిట్టావత్తా. బాగానే తిట్టావు."

ఎత్తిన చెయ్యి నెమ్మదిగా దిగింది. లియుదాస్ లేచి కుర్చీ ఆవిడ వైపు జరిపాడు గాని ఆవిడ కూర్చోలేదు.

"అయితే నిన్ను తీసుకుపోతారు," అంది. "నేనే పంపించేశాను. నా నోరు పడిపోను."

ఆ చేత్తోనే తన నోటి మీద గట్టిగా కొట్టుకుంది. రెండో దెబ్బ పడేలోగా ఉర్షులే ఆ చేతిని పట్టుకుంది. గ్లాసులు నింపుతూ, పెళ్ళి ఏ ఆదివారం పెట్టుకుందామని బల్త్రూస్ అడిగాడు. ఉర్షులే ఇంకా ఆ చేతిని వదల్లేదు.