వెర్లిన్ నాలుక

నాదీ, మా ఆయన వెర్లిన్‌దీ ఒకటే జబ్బు. నిద్రలో నాలుక వెనక్కి జారి గొంతుకు అడ్డం పడుతుంది, ఊపిరి ఆగిపోతుంది, ఉలిక్కిపడి లేస్తాం. పదకొండేళ్లు మంచానికి అటొకటి ఇటొకటి గాలి యంత్రాలు పెట్టుకుని, ముక్కుమూతులకు తొడుగులు బిగించుకుని పడుకున్నాం. "ఏనుగమ్మా, ఇక పడుకో," అని వెర్లిన్ తన తొడుగు గొట్టాన్ని తొండంలా ఊపేవాడు. నేను నాది ఊపేదాన్ని.

కొత్త ఆపరేషన్ సంగతి మొదట తెలుసుకున్నది నేనే. మా ఊరు బెమిడ్జీ పోస్టాఫీసులో నాతో పనిచేసే డీలోరిస్ అల్లుడు చేయించుకున్నాడు. ఛాతీ చర్మం కింద చిన్న పరికరం అమర్చి, దాని తీగను నాలుక నరానికి తగిలిస్తారు. ఊపిరి పీల్చినప్పుడల్లా అది నాలుకను ముందుకు నెడుతుంది. ఇక తొడుగుతో పనిలేదు. ఇద్దరి కాగితాలూ నేనే నింపాను. ఫార్గో ఆసుపత్రి దాకా కారు కూడా నేనే నడిపాను.

అక్కడ మాకు మత్తిచ్చి, ముక్కులోంచి సన్నటి కెమెరా దించి, గొంతు ఎలా మూసుకుంటుందో చూశారు. వారం తర్వాత డాక్టరమ్మ ముందు వెర్లిన్‌తో మాట్లాడింది.

"మీకిది చక్కగా పనిచేస్తుంది."

తర్వాత నావైపు తిరిగింది. "మీ గొంతు నాలుగు వైపుల నుంచీ సంచి మూతిలా ముడుచుకుంటోందండీ. నాలుకను ఎంత నెట్టినా లాభం ఉండదు."

"అంటే ఆయనది మంచి గొంతు, నాది పనికిరాని గొంతూనా?"

"అలా అనుకోకండి."

వెర్లిన్ నా చెయ్యి పట్టుకున్నాడు. మొహం మాత్రం పెళ్లికొడుకులా వెలిగిపోతోంది.

ఆపరేషనయ్యాక నెలకు దాన్ని పనిచేయించడం మొదలుపెట్టారు. చేతిలో ఇమిడే చిన్న రిమోట్. నొక్కి పడుకోవడమే. తెల్లారి లేచేసరికి అతని చెంపల మీద పట్టీల గీతలు లేవు. అద్దంలో చూసుకుంటే నా చెంపల మీద ఉన్నాయి.

చర్చి భోజనాల్లో అతనిదే హడావిడి. రిమోట్ నొక్కి, నాలుక దానంతటదే ఎలా కదులుతుందో బల్లబల్లకీ తిరిగి చూపించాడు.

"పదేళ్లు తగ్గావయ్యా వెర్లిన్," అంది మా బల్ల దగ్గర కూర్చున్న ఈనిడ్. "అర్లీస్, నువ్వూ చేయించుకోకూడదూ?"

"తన గొంతు డాక్టర్లకి నచ్చలేదులే," అన్నాడు వెర్లిన్. బల్లంతా నవ్వింది. నేను ఖాళీ అయిన గిన్నెలు పోగుచేసుకుని వంటగదిలోకి వెళ్లిపోయాను.

ఆ తర్వాతి బుధవారం, టోస్టుకు వెన్న రాస్తూ అన్నాడు. "నీ మిషను చప్పుడుకి మెలకువ వచ్చేస్తోంది. నేను చిన్నగదిలో పడుకోనా?"

పదకొండేళ్లు అతని మిషను చప్పుడు నేను వినలేదా? "నీ ఇష్టం," అన్నాను. అతను స్నానానికి వెళ్లగానే రిమోట్ తీసి నా కోటు జేబులో వేసుకున్నాను.

ఆ సాయంత్రం ఇల్లంతా వెతికాడు. నేనూ మోకాళ్ల మీద కూర్చుని మంచం కింద వెతికాను. పాత గాలి యంత్రాన్ని అప్పటికే ఎవరికో ఇచ్చేశాడు. మూడు రాత్రులు గోడ అవతల అతని గురక వింటూ పడుకున్నాను. గురక ఆగేది. మళ్లీ మొదలయ్యేదాకా నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని. అయినా లేచి ఇవ్వలేదు.

నాలుగోరోజు ట్రిగ్వీ పోస్టాఫీసుకు ఫోన్ చేశాడు. వెర్లిన్ పనిచేసే మంచు స్కేటింగ్ రింకుకు అతనే మేనేజరు. వెర్లిన్ మంచు చదును చేసే బండి నడుపుతూ కునికిపాటు పడి, తిన్నగా వెళ్లి చుట్టుగోడను గుద్దాడట. మణికట్టు విరిగిందట.

"పిల్లలు ఇంకా మంచు మీదికి రాలేదమ్మా. బతికిపోయాం," అన్నాడు.

ఆసుపత్రిలో వెర్లిన్ చేతికి కట్టుతో బెంచీ మీద కూర్చున్నాడు. రిమోట్ తీసి అతని ఒళ్లో పెట్టాను.

"ఎక్కడ దొరికింది?"

"దొరకలేదు. నా జేబులోనే ఉంది."

అతను కట్టు లేని చేత్తో దాన్ని తీసి జేబులో వేసుకున్నాడు. ఇంతలో ట్రిగ్వీ వచ్చి, ఎందుకిలా జరిగిందని అడిగాడు.

"నా పొరపాటే," అన్నాడు వెర్లిన్. "రిమోట్ ఎక్కడో పారేసుకున్నాను. మూడు రోజులుగా నిద్రలేదు."

నన్ను కాపాడుతున్నాడని తెలుసు. సిగ్గు కంటే ముందు నాకు ఒళ్లు మండింది. ఇందులోనూ అతనే మంచివాడైపోవాలా?

"పారేసుకోలేదు ట్రిగ్వీ. నేనే దాచాను."

ట్రిగ్వీ ఇద్దరినీ మార్చిమార్చి చూసి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. చలికాలం అయ్యేదాకా వెర్లిన్‌కు బండి ఇవ్వలేదు. స్కేట్లు అద్దెకిచ్చే గూట్లో కూర్చోబెట్టాడు.

వెర్లిన్ తొమ్మిది రోజులు నాతో మాట్లాడలేదు. పదోరోజు ఒంటిచేత్తో గిన్నెలు తుడుస్తూ అడిగాడు. "అంత బాధగా ఉంటే నాతో చెప్పొచ్చు కదా?"

"ఏమని చెప్పను? నీకు నయం కావడం నాకిష్టం లేదనా?"

తుడిచిన గిన్నె పక్కన పెట్టాడు. "అదే చెప్పాల్సింది. కనీసం చర్చిలో ఆ మాట అనేవాణ్ణి కాదు."

ఇప్పటికీ చిన్నగదిలోనే పడుకుంటాడు. ఆదివారాలు మాత్రం, నాకు మెలకువ వచ్చి తొడుగు తీసేశాక, వచ్చి నా పక్కన ఓ గంట పడుకుంటాడు. నోరు మూసుకుని, చప్పుడు లేకుండా, హాయిగా. అతను రావడం నాకిష్టమే. ఆ నిద్ర చూస్తే మాత్రం నాకింకా కడుపుమంటే. ఆ మాట ఇప్పుడు అతనితోనే చెబుతున్నాను.