మడతబందులో గంధం

నేను ఒక తుపాకీ బట్టుని. తుపాకీని కాదు, ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను అనొద్దు. కార్బైన్ అనే పొట్టి తుపాకీకి వెనకాల ఉండి భుజానికి ఆనుకునే భాగం ఉంటుందే, అది నేను. అందులోనూ మడతపెట్టే రకం. జీపులో కూర్చున్నప్పుడు నన్ను పక్కకి మడిచేస్తారు, దిగాక విప్పి భుజానికి ఆన్చుకుంటారు. గురి తగిలితే పేరు తుపాకీకి, మెచ్చుకోలు మనిషికి, వెనక్కి తన్నే దెబ్బ మాత్రం నాకు. ఇంత చెప్పినా మీకు నా మీద గౌరవం కలగలేదని తెలుసు. అలవాటైపోయింది లెండి.

నేను పుట్టింది బెజవాడ ఆటోనగర్‌లో, కోటిలింగం మేస్త్రి షెడ్డులో. అటు లారీలకి బాడీలు కడుతుంటారు, ఇటు స్ప్రింగుపట్టీలు కొడుతుంటారు, ఆ మోత మధ్యలో పోలీసు శాఖ అనుమతి కాగితం గోడకి తగిలించుకుని కోటిలింగం నన్ను చేశాడు. నా ఒంట్లో ఉన్నవి ఎన్నో కావు. ఒక ఉక్కు చట్రం, భుజానికి తగిలే రబ్బరు పలక, మధ్యలో మడతబందు, విప్పినప్పుడు దాన్ని కదలకుండా పట్టే గడియ పిన్ను. ఆ పిన్ను తన రంధ్రంలో పడితే 'టక్'మంటుంది. కోటిలింగం టీ తాగుతూ నన్ను వందసార్లు మడిచి వందసార్లు విప్పాడు. ప్రతిసారీ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. అంత శ్రద్ధగా పెళ్లాం మాట కూడా విని ఉండడు.

నా కొలత తెచ్చింది మస్తాన్‌వలి. ఓ జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆయన ఆర్మరర్, అంటే తుపాకుల బాగోగులు చూసే హెడ్ కానిస్టేబుల్. జిల్లా పేరు చెప్పను, చెబితే నాకు కూడా మెమో ఇస్తారు. అందరూ కాగితం మీద బొమ్మ గీసి తెస్తారా, ఈయన జేబులోంచి ఒక పురికొస తీశాడు. దానికి రెండు ముడులున్నాయి.

"ఈ ముడి నుంచి ఈ ముడి దాకా మేస్త్రీ. ఒక్క నూలు కూడా పెరగకూడదు."

"ఇదేంటి సాయిబు గారూ, తుపాకీకా, జాకెట్టుకా?" అన్నాడు కోటిలింగం.

"మనిషికి. తుపాకీ పట్టుకునేది మనిషే కదా."

ఆ మనిషి పేరు ఏసుమణి. కానిస్టేబుల్. వయసు ఇరవై ఎనిమిది, ఎత్తు కొలతబద్ద ఒప్పుకున్నంత, చేతులు అంతకన్నా కాస్త పొట్టి. మోచేతి వంపు నుంచి చూపుడువేలి దాకా ఆమె చెయ్యి ఎంతుందో అదే ఆ పురికొస. జిల్లాకి వచ్చిన మహిళా జడ్జిగారికి మహిళా గన్‌మన్ కావాలన్నారు. ఏసుమణి పేరు రాశారు. ఆ డ్యూటీకి కార్బైన్‌తో ఫైరింగ్ పాసవ్వాలి. రెండుసార్లు తప్పింది. పాత చెక్క బట్టు ఆరడుగుల మగాడి కోసం చేసిందాయె! దాన్ని భుజానికి పెడితే చెయ్యి ట్రిగ్గర్ని అందుకోదు, చెయ్యి అందితే చెంప గురికి రాదు. కాగితం మీద మాత్రం 'ఫైరింగ్‌లో బలహీనం' అని రాశారు. బట్టు పొడుగు అని ఎవరూ రాయలేదు. మూడోసారీ తప్పితే తుపాకీ డ్యూటీ శాశ్వతంగా ఆగిపోయి టపా సెక్షన్‌లో కవర్లు అంటించుకోవాలి. ఏసుమణికి ఆ కవర్లంటే ఏడుపొచ్చేది. మూడో అవకాశం, కొత్త బట్టుల ఎంపిక, రెండూ ఒకే రోజు పెట్టారు. విజయదశమి మర్నాడు.

ఎంపికకి మేం ముగ్గురం పోటీ. నల్ల ప్లాస్టిక్కుతో చేసిన ఫారిన్ దొర ఒకడు, మెత్తటి పెట్టెలో పడుకుని వచ్చాడు. అందంగా ఉన్నాడు, కాదనను. పొడుగు మాత్రం మళ్లీ ఆరడుగుల లెక్కే. రెండోది బ్రేస్ అని, భుజానికి ఆనదు, ముంజేతికి పట్టీలతో కట్టుకోవాలి. మూడోవాణ్ణి నేను, గోనెసంచిలో వచ్చాను.

దసరాకి ముందురోజు కమిటీ వారు మమ్మల్ని చూడ్డానికి వచ్చారు. ఆరడుగుల రెండంగుళాల డీఎస్పీ గారు, రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ పానకాలరావు గారు. పానకాలరావు గారి మనసు పెద్దది, పొట్ట ఇంకాస్త పెద్దది. ఆయన బ్రేస్‌ని తుపాకీ నుంచి ఊడదీయించి ముచ్చటగా చేతికి కట్టుకున్నారు. కట్టుకోవడం వచ్చింది, విప్పుకోవడం రాలేదు. ఒకరు చెయ్యి పట్టుకుంటే ఒకరు పట్టీ లాగారు. ఊడి రాక, దాంతోనే క్యాంటీన్‌కెళ్లి టీ తాగొచ్చారు. మోచెయ్యి విరిగిందనుకుని ముగ్గురు పరామర్శించారట.

డీఎస్పీ గారు మమ్మల్ని బల్ల మీద మడిచిపెట్టి ఫోటోలు తీయించారు. మడిస్తే ఎంత ముచ్చటగా ఉన్నామో చూశారు. విప్పితే ఎంత గట్టిగా నిలబడతామో చూడాలని ఆయనకి తోచలేదు. నన్ను ఒక్కసారి భుజానికి పెట్టుకుని, "ఏంటయ్యా ఇది, చిన్నపిల్లల బొమ్మలా ఉంది," అన్నారు.

మస్తాన్‌వలి చేతులు కట్టుకుని, "సార్, చూడాల్సినవి మూడే సార్. విప్పితే కదలకూడదు. చెంప ఆనిస్తే కన్ను గురికి తిన్నగా రావాలి. వాడేవాళ్ల చేతికి సరిపోవాలి," అన్నాడు.

"అవన్నీ సరేనయ్యా. పెరేడ్‌లో కనపడేది లుక్కే," అన్నారు డీఎస్పీ గారు.

మర్నాడు దసరా, ఆయుధపూజ. ఆయుధాల గది కడిగి, మామిడాకులు కట్టి, బల్లల మీద తెల్లదుప్పటి పరిచి మమ్మల్నందరినీ వరసగా పెట్టారు. ఆ ఏర్పాట్లన్నీ ఇరవై రెండేళ్లుగా మస్తాన్‌వలివే. నిమ్మకాయలెన్ని, బూడిదగుమ్మడికాయ ఎంతది, కర్పూరం ఎక్కడ దొరుకుతుంది, అన్నీ ఆయనకే తెలుసు. పంతులుగారు ఏదైనా మర్చిపోతే మస్తాన్‌వలి వంకే చూస్తారు.

పానకాలరావు గారు పట్టుపంచె కట్టుకుని, గంధంలో పసుపు కలిపిన గిన్నె పట్టుకుని బయల్దేరారు. ముసలి రైఫిళ్లకి తలా ఒక బొట్టు పెట్టారు. నా దగ్గరికొచ్చి ఆగిపోయారు. "కొత్తగా వచ్చింది పాపం, రేపే పరీక్ష. దీనికి గట్టిగా పూజ జరగాలి," అన్నారు. నాకు కళ్లుంటే చెమర్చేవి. "దీని బలమంతా ఈ మడతలో కదూ ఉంది!" అని రెండు వేళ్లతో గంధం తీసి మడతబందు నిండా మెత్తారు. పిన్ను పడే రంధ్రంలోకి కూడా దిగింది. పైన కుంకుమ, ఆ పైన ఒక చేమంతి. సాయంత్రానికి అదంతా గట్టిపడి నా కీలు పట్టేసింది. ఆయన ప్రేమకి నేనేం తక్కువ చేసి మాట్లాడను, కానీ అమ్మో, అంత ప్రేమ వద్దండీ బాబూ.

మర్నాడు పొద్దున్నే మస్తాన్‌వలి గుడ్డ, నూనెడబ్బా పట్టుకుని వచ్చాడు. నన్ను చూసి గుడ్డ దగ్గరికి తెచ్చాడు. మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. పక్కనే ఏసుమణి యూనిఫాం వేసుకుని సిద్ధంగా ఉంది.

"బాబాయ్, ఆ గంధం తుడిచేద్దామా?"

"తుడువ్, నువ్వే."

"అమ్మో, నేనా? చర్చికెళ్లే పిల్ల అమ్మవారి బొట్టు తుడిచేసిందని కథలల్లుతారు."

"మరి నేను తుడిస్తే ఏం అల్లుతారు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పకపకా నవ్వారు. నవ్వి, తుడవకుండా ఊరుకున్నారు. పైపైన ఒక చుక్క నూనె వేసి పట్టుకెళ్లారు. నేను మొత్తుకున్నాను. బట్టు మొత్తుకుంటే ఎవరికి వినపడుతుంది?

ఫైరింగ్ రేంజిలో డీఎస్పీ గారు గొడుగు కింద కుర్చీలో కూర్చున్నారు. ముందు ఫారిన్ దొరతో ఒక పొడుగాటి కానిస్టేబుల్ కాల్చాడు, బాగానే కాల్చాడు. బ్రేస్‌తో కాల్చడానికి ఎవరూ ముందుకు రాలేదు. తర్వాత ఏసుమణి. పది గుండ్లలో ఏడు గురికి తగలాలి. మస్తాన్‌వలి నన్ను విప్పాడు. 'టక్' అనాల్సిన చోట 'టప్' అంది. ఆయన చెవి అది పట్టేసింది. నోరు తెరిచాడు. అంతలో విజిల్ మోగింది. నోరు మూసేశాడు. ఆర్మరర్‌గా ఇరవై రెండేళ్లలో ఆయన చేసిన తప్పు అదొక్కటే, దాన్ని ఆయన ఎప్పుడూ దాచుకోలేదు.

ఏసుమణి నన్ను భుజానికి ఆన్చింది. అబ్బ, ఏం చెప్పమంటారు! పురికొస అబద్ధం చెప్పలేదు. చెయ్యి వెళ్లాల్సిన చోటికి వెళ్లింది, చెంప నా మీద వాలింది, కన్ను తిన్నగా గురి మీద నిలిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఐదూ నడిమధ్యలోనే. ఆరో గుండు పేలగానే అరకొరగా పట్టుకున్న పిన్ను జారింది. నేను పక్కకి మడుచుకుపోయాను. ఆమె చెంప మీద గట్టిగా కొట్టాను. గుండు ఎదుటి మట్టికట్టలోకి పోయింది. ఎవరికీ ఏం కాలేదు, కానీ సిగ్గుతో నేను చచ్చిపోయాను. నా మనిషిని నేనే కొట్టాను కదా!

డీఎస్పీ గారు కలం తీసి రాసేశారు. 'నమూనా మూడు: తాళం నిలవదు. తిరస్కరించడమైనది.' సంతకం. కింద ఇంకో గీత గీసి, "మూడోసారి కూడా పోయిందమ్మా నీకు," అన్నారు, బాధగానే.

మస్తాన్‌వలి నన్ను అందుకుని రంధ్రం వంక చూశాడు. పసుపుపచ్చగా గడ్డకట్టిన గంధం కనపడింది. ఏసుమణికీ కనపడింది. వెనకాల నిలబడ్డ పానకాలరావు గారికీ కనపడింది. ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ బూట్ల వంక చూసుకుంటున్నారు. ఒకరికి మతం భయం, ఇంకొకరికీ అదే భయం, మూడోవారికి పరువు. ఇంతమంది దగ్గర తుపాకులున్నాయి, ఒక్క మాట పేల్చడానికి మాత్రం ఎవరికీ ధైర్యం లేదు.

మొదట కదిలింది ఏసుమణి. చెంప ఎర్రగా వాచిపోయి ఉంది. మెడలో గొలుసుకి గుచ్చుకున్న పిన్నీసు ఒకటి తీసి, నా రంధ్రంలో పెట్టి తిప్పింది. గంధం గడ్డ ఊడి అరచేతిలో పడింది. దాన్ని డీఎస్పీ గారి ముందు చాపింది.

"సార్, ఇది గంధం సార్. తప్పు తాళానిది కాదు, నాదీ కాదు. పొద్దున చూశాం, తుడిస్తే ఎవరేమనుకుంటారోనని భయపడి తుడవలేదు. తుడవకపోవడం మాత్రం నా తప్పే."

"నాది కూడా సార్," అన్నాడు మస్తాన్‌వలి.

"పూసిందెవరు?" అన్నారు డీఎస్పీ గారు.

పానకాలరావు గారు గొంతు సవరించుకుని, టోపీ తీసి చంకలో పెట్టుకున్నారు. "నేనే సార్. ప్రేమకొద్దీ రెండు వేళ్లు ఎక్కువ పూశాను." తర్వాత మస్తాన్‌వలి వైపు తిరిగి గయ్యిమన్నారు. "తుడవొద్దని నీకెవరు చెప్పారయ్యా?"

"ఎవరూ చెప్పలేదు సార్. ఎవరైనా చెప్పుంటే తుడవొచ్చా అని అడిగేవాణ్ణి."

పానకాలరావు గారు జేబులోంచి రుమాలు తీసి, నా మడతబందుని తన చేత్తోనే తుడిచారు, మూలమూలలా. డీఎస్పీ గారు కలం జేబులో పెట్టుకుని, "మొదటినుంచీ పది కాల్చనీ," అన్నారు. ఆయనకి లుక్ పిచ్చి ఉంది కానీ, మనిషి మంచివాడే.

ఈసారి మస్తాన్‌వలి నన్ను విప్పి చెవి దగ్గర పెట్టుకున్నాడు. టక్. ఏసుమణి వాచిన చెంపనే నా మీద ఆనించింది. పదికి తొమ్మిది. ఆ పోయిన ఒక్కటీ నా వల్ల కాదు, చెంప మంటకి ఆమె కన్నీళ్లు పెట్టుకుంది.

కథ ఇక్కడ సుఖంగా ముగుస్తుందనుకుంటున్నారు కదూ? మీకు ఆఫీసుల సంగతి తెలీదు. ఏసుమణి పాసైంది, జడ్జిగారి డ్యూటీకి వెళ్లింది. మరి నేను? 'తిరస్కరించడమైనది' అని అప్పటికే రాసి సంతకం పెట్టేశారుగా! దాన్ని కొట్టేస్తే ఎందుకు కొట్టేశారో రాయాలి, అది రాస్తే గంధం సంగతి రాయాలి. అంత రాయడం దేనికని నన్ను అలాగే వదిలేసి ఫారిన్ దొరని కొన్నారు. అలా నేను కాగితం మీద తిరస్కృతుణ్ణి అయ్యాను. ఏసుమణి చేతికి ఆ దొర పొడుగైపోవడంతో, 'అసలుది రిపేరులో ఉంది, తాత్కాలికంగా ఇది' అని రాసి మస్తాన్‌వలి నన్ను ఆమె కార్బైన్‌కి బిగించాడు. ఆ తాత్కాలికం పదకొండేళ్లు నడిచింది. జీపుల్లో, కోర్టు వరండాల్లో, పెళ్లి పందిళ్ల వెనకాల, ఆమె పక్కన మడుచుకుని కూర్చున్నాను. ఒక్కసారి కూడా పేలాల్సిన అవసరం రాలేదు. నా జన్మలో నేను గర్వపడేది అందుకే.

తర్వాత కొత్త తుపాకులొచ్చాయి. మేం అద్దాల బీరువాలోకి చేరాం. నా కింద అట్టముక్క మీద 'తిరస్కరించిన నమూనా' అని అందంగా రాశారు. పిల్లలొచ్చి చదివి, పాపం అని ఫారిన్ దొర దగ్గరికి పోతారు.

మొన్న దసరాకి బీరువా తెరిచారు. మస్తాన్‌వలి లేడు, పానకాలరావు గారు లేరు. ఇద్దరూ రిటైరై ఏదో ఊళ్లో రోజూ ఒకే బెంచీ మీద కూర్చుంటున్నారని విన్నాను. రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ కుర్చీలో ఇప్పుడు ఏసుమణి గారు. జుట్టు నెరిసింది. కొత్తగా వచ్చిన ఒక కానిస్టేబుల్ అమ్మాయి గంధం గిన్నె పట్టుకుని, పూయాలా వద్దా అని ఆవిడ మొహం వంక చూసింది.

"పుయ్యమ్మా, బాగా పుయ్యి," అంది ఏసుమణి. "భుజానికి తగిలే పలక మీద."

అమ్మాయి పూసింది. అయినా రెండు చుక్కలు మడతబందు మీద పడనే పడ్డాయి. ఏసుమణి మెడలోంచి పిన్నీసు తీసింది. అందరూ చూస్తుండగానే, ఎవరినీ అడక్కుండా గీకి శుభ్రంగా తుడిచింది. తర్వాత నన్ను విప్పి చెవి దగ్గర పెట్టుకుంది.

టక్.