కాళమ్మ మగ్గు

అసిరమ్మ స్టవ్వుకు పంపు కొడుతూనే ఫీనిక్స్ బే రేవు వైపు చూసింది. ఓడ ఎక్కేవాళ్ల వరస గేటు దాటి రోడ్డు మీదికి వచ్చేసింది. దూరపు దీవిలోని హట్ బేకి ఓడ ఉన్న రోజు అంతే. పాలల్లో నీళ్లు కాస్త ఎక్కువ పోసి, అల్లం కూడా ఎక్కువే దంచింది. అల్లం ఘాటుగా తగిలితే పాలు పలచనని ఎవరూ అనరు.

"గరం చాయ్! చాయ్ గరం!"

వరసలో తలలన్నీ ఇటు తిరిగాయి. బల్ల మీద కూచున్న ఆమె కొడుకు సుభాష్, తల్లిని కాదు, ఆ తలలనే చూశాడు.

వాడికి మూడేళ్లు నిండాయి. ఇంతవరకూ ఒక్క మాట లేదు. సునామీ తరవాత వేసిన రేకుల షెల్టరులో పుట్టాడు. వానాకాలం ఆ రేకుల కింద గొంతు చించుకున్నా పక్కమనిషికి వినపడదు. అందుకని అక్కడ అందరూ చేతులతోనే కబుర్లు చెప్పుకుంటారు. వాన వెలిశాక వాళ్లు మళ్లీ నోళ్లు తెరుస్తారు. సుభాష్ మాత్రం చేతుల దగ్గరే ఆగిపోయాడు.

చెవులు బాగున్నాయనీ, చెప్పింది అర్థమవుతోందనీ, వాడితో మాట్లాడుతూనే ఉండమనీ డాక్టరు చెప్పాడు. ఓడ రాలేదని సరుకు మునిగిందనుకునే రకం కాదు అసిరమ్మ. వస్తుందనే నమ్మకంతో పొద్దస్తమానం వాడితో వాగుతూనే ఉంటుంది. అయినా ఎదురుగది పిల్ల "అమ్మా, పానీ" అన్నప్పుడల్లా ఆమె చేతిలో గరిటె ఒక్క క్షణం ఆగుతుంది.

"ఒదినా, నీ బుడ్డోడు ఒక్క మాట కూడా ఖర్చెట్టడు. పక్కా సేఠ్!" అన్నాడు గ్లాసు అందుకుంటూ కూలీ అప్పలకొండ.

"నీలాగ వాగుతూ కూకుంటే మూటలెవడు మోస్తాడు భయ్యా?"

బల్ల చివర కాళమ్మ అల్లం చెక్కు తీస్తోంది. ఎండుకర్రలాంటి మనిషి. హట్ బేలో ఆమె మనవణ్ణి అల తీసుకుపోయింది. ఆ తరవాత ఆమెకు మాటలు కరువైపోయాయి. షెల్టరులో పక్కగది. పగలంతా సుభాష్‌ని ఆవిడే చూసుకుంటుంది. వాడు గుప్పిట మూసి తెరిస్తే నీళ్లు ఇస్తుంది. అరచెయ్యి కిందికి ఊపితే వచ్చి పక్కన కూచుంటుంది. రిలీఫ్‌లో ఇచ్చిన తెల్ల మగ్గులో చాయ్ తాగుతుంది. అంచు పెంకు లేచింది. ఇక చాలు అనుకున్నప్పుడు దాన్ని బల్ల మీద బోర్లిస్తుంది. అందాకా అసిరమ్మ పోస్తూనే ఉంటుంది.

"మాటలేని ముసల్దానికి అప్పగిస్తే గుంటడికి మాటలెక్కణ్ణించి వస్తాయే?" అని షెల్టరు ఆడవాళ్లు ఎన్నోసార్లు అన్నారు. అసిరమ్మ ఆ మాటను పక్కన పెట్టలేదు, తూచింది. ఒక వైపు వాళ్ల మాట. రెండో వైపు, కాళమ్మ దగ్గర ఉన్నప్పుడు వాడి నవ్వు. నవ్వే బరువు తూగింది.

ఇవాళ ఆ తూకంతో పని లేదు. కాళమ్మ కొడుకు నూకన్నకు హట్ బేలో పక్కా ఇల్లు ఇచ్చారు. అమ్మను ఇవాళ్టి ఓడకి వచ్చెయ్యమన్నాడు. పోనీ, ఇప్పుడైనా వీడికి మాట వస్తుందేమో అన్న ఆలోచన వచ్చి, అసిరమ్మ సిగ్గుపడింది. మగ్గు నిండా చాయ్ పోసింది.

"అత్తా, నువ్వు లేకపోతే వీడు నన్ను బతకనిస్తాడేటి?"

కాళమ్మ చాయ్ తాగి, మగ్గు పక్కన పెట్టి, వాడి తల నిమిరింది.

"పలుకుతాడే. తొందరేటి?" అంది.

గేటు తెరిచారు. అప్పలకొండ ఆవిడ మూట నెత్తికెత్తుకున్నాడు. వరస కదిలింది.

సుభాష్ బల్ల మీద లేచి నిలబడ్డాడు. అరచెయ్యి కిందికి ఊపాడు. రమ్మని. కాళమ్మ వీపు ఇటే ఉంది. రెండు చేతులూ ఊపాడు. వీపు ఇంకా దూరం పోయింది. చేతులు దించి తల్లి నోటి వైపు చూశాడు, ఆ తరవాత వరసలో తలల వైపు చూశాడు.

"చాయ్!" అన్నాడు. మళ్లీ గొంతంతా పెట్టి, "గలం చాయ్!"

తలలన్నీ తిరిగాయి. వాటిలో కాళమ్మ తల కూడా.

"ఒదినా, దుకాణానికి మాలిక్ మారిపోయాడు!" అని మూట కింద నుంచి అప్పలకొండ అరిచాడు.

కాళమ్మ చెయ్యి పైకెత్తింది. ఆమె పెదాలు కూడా కదిలాయి, కానీ ఓడ కూత వాటి మీద పడింది. వెనకనున్న జనం ఆమెను గేటు లోపలికి తీసుకుపోయారు.

వాడి కేక విని ఇద్దరు నిజంగానే వచ్చి చాయ్ అడిగారు. కొడుకు బోణీ. అసిరమ్మ ముక్కు చీది, చెయ్యి కడుక్కుని, ఈసారి పాలు చిక్కగా పోసింది. సుభాష్ ఇంకో కేక వేశాడు, ఇంకా గట్టిగా.

గ్లాసులు పెట్టడానికి బల్ల తుడుస్తూ చివర దాకా వెళ్లి, ఆమె గుడ్డ ఆపేసింది. అక్కడ అంచు పెంకు లేచిన తెల్ల మగ్గు, అడుగున అల్లం పీచుతో, బోర్లించకుండా ఉంది.